ఆ లేత్‌కి నేను చెప్పిన అబద్ధాలు

గాజువాక దగ్గర ఒక షెడ్డులో పద్దెనిమిదేళ్లు ఒకే లేత్ మిషను నడిపాను. ఇనుప కడ్డీ బిగించి కంప్యూటరులో కొలతలు కొడితే తనే చెక్కుకుపోతుంది. దానికి ఒకటే లోపం, చెప్పిన మాట వినదు. లోపల ఉలిని జరిపే స్క్రూ అరిగిపోయింది. షాఫ్టు నలభై మిల్లీమీటర్ల లావు రావాలంటే నేను ముప్పై తొమ్మిది పాయింట్ తొమ్మిది రెండు కొట్టేవాణ్ణి. అబద్ధం చెబితేనే నిజం చేసేది. సన్నటి షాఫ్టుకి ఒక అబద్ధం, లావుపాటిదానికి ఇంకొకటి.

ఈ సంగతి ఎవరికీ చెప్పలేదు. మరిచిపోయి కాదు. ఒకసారి మా మరదలి పెళ్లికి మూడు రోజులు సెలవు పెడితే రెండో రోజు పొద్దున్నే ఓనరు ఫోను చేశాడు. నా బదులు నిలబెట్టిన డ్రిల్లింగు మిషనతను డ్రాయింగులో ఉన్నది ఉన్నట్టు కొట్టి ఏడు షాఫ్టులు పాడుచేశాడట. ఆ ఫోను పందిట్లో అందరికీ వినపడేలా పెట్టాను. మా మావగారు నన్ను మనిషిగా చూడడం అప్పుడే మొదలైంది. ఓనరేమో అదంతా నా హస్తవాసి అనుకున్నాడు. నేను కాదనలేదు.

కిందటేడు లేత్ మోటార్లు చచ్చిపోయాయి. పాతవి దొరకవు. కొత్త మోటార్లు, కొత్త సాఫ్ట్‌వేరు పెట్టడానికి ఎలమంచిలి నుంచి రోజూ రైల్లో ఒక ఇంజనీరమ్మ వచ్చేది. ఓనరు మోటార్లకి పసుపు రాసి, కొత్త టచ్ స్క్రీనుకి కూడా తడి కుంకుమ బొట్టు పెట్టాడు. బొట్టు పెట్టిన చోట ఆపే బటను ఉంది. గంటసేపు మిషను కదల్లేదు.

"సూడు బావా, శనివారానికి షాఫ్టు సైజుకి రాపోతే మిషన్ని తుక్కోడికి ఇచ్చేత్తాను" అన్నాడు ఓనరు నాతో.

మిషను బాగుపడకపోతే నాకు పని లేదు. బాగుపడితే నాతో పని లేదు. నేను టీ తాగుతూ చూస్తూ కూర్చున్నాను.

స్క్రూ ఎక్కడెంత అరిగిందో ఆవిడ గేజీతో రెండు రోజులు కొలిచి, ఆ తేడా సరిదిద్దే పని సాఫ్ట్‌వేరుకి అప్పగించింది. తర్వాత నేను రాసుకున్న పాత ప్రోగ్రాములన్నీ, అందులోని అబద్ధాలతో సహా, కొత్త కంప్యూటరులోకి ఎక్కించింది. నేను అప్పుడైనా నోరు విప్పలేదు.

శనివారం యారాడ పడవ ఒకదానికి షాఫ్టు చెక్కాం. నలభై రావాల్సింది ముప్పై తొమ్మిది పాయింట్ తొమ్మిది రెండే వచ్చింది. రెండోదీ అంతే. ఆవిడ మొదటినుంచీ లెక్క చూసుకుంది. మొహం ఇంత చిన్నదైపోయింది.

"నాదే ఏటో తప్పు బాబాయ్. ఎక్కడో తెలట్లేదు" అంది.

ఓనరు తుక్కతనికి ఫోను కలుపుతున్నాడు. నాకు సిగ్గేసింది. మిషను పోతుందని కాదు, ఆ పిల్ల చేయని తప్పు నెత్తిన వేసుకుంటోందని.

"నీ తప్పు కాదమ్మా. ఆ నంబర్లలో నా దొంగ లెక్కుంది. నాను ముందే సరిసేసిందాన్ని నువ్వు మల్లీ సరిసేసినావు."

ఓనరు ఫోను ఆపేశాడు. "అయితే హస్తవాసి కాదేటి?"

"కాదు."

"ఇన్నేళ్లూ నాకెందుకు సెప్పలేదు?"

"సెప్తే ఉంచుదువేటి?"

ఆయన ఫోను జేబులో పెట్టుకున్నాడు.

ఆవిడ ఒక తెల్లకాగితం ఇచ్చి, ఏ లావుకి ఎంత అబద్ధమో రాయమంది. సాయంత్రం దాకా పడుతుందనుకుని కుర్చీ లాక్కున్నాను. టీ చల్లారకముందే అయిపోయింది. పద్దెనిమిదేళ్లు, కాగితం ఒక వైపు కూడా నిండలేదు. ఏడుపొచ్చింది. ఆవిడ చూసి, నా నంబర్లు తన గేజీ లెక్కతో సరిపోయాయంది.

"దేంతో కొలిసేరు బాబాయ్?"

"పాడైన ముక్కల్తో" అన్నాను.

ప్రోగ్రాముల్లోంచి నా అబద్ధాలన్నీ ఆవిడ ఒక్కొక్కటే తీసేసింది. మిషను నడపడానికి ఓనరు నన్ను పిలవలేదు. డ్రిల్లింగు మిషనతన్ని పిలిచాడు, ఏడు షాఫ్టులు పాడుచేసిన అతన్నే. అతను భయం భయంగా ఆకుపచ్చ బటను నొక్కి చేతులు వెనక్కి పెట్టుకున్నాడు.

షాఫ్టు నేనే కొలిచాను. నలభై. తుడిచి మళ్లీ కొలిచాను. నలభై.

ఎంతొచ్చిందని ఓనరు అడిగాడు. నలభై అని చెప్పాను. అతనిది మంచి హస్తవాసి అని కూడా చెప్పాను.