నీడలను దాటనివ్వని మలుపు

2009 వానాకాలం. పాల్వంచలో కంపెనీ కాలనీకి పోయే దారిలో అప్పుడు నాకొక పెద్ద కంప్యూటర్ సర్వీస్ సెంటర్ ఉండేది. పెద్దదంటే ఒక షట్టరు, రెండు బల్లలు, ఒక టేబుల్ ఫ్యాను. బోర్డు మాత్రం నిజంగానే పెద్దది. జిల్లాలో నా చేతికొచ్చి బతకని డిస్క్ లేదని చెప్పుకునేవాణ్ని. ఇప్పటికీ చెప్పుకుంటాను. బతకనివాటి సంగతి ఎవరూ అడగరు కనుక ఇబ్బంది లేదు.

ఒకరోజు పొద్దున భద్రాచలం నుంచి సిస్టర్ ఆగ్నెస్ వచ్చారు. అడవి ఊళ్లకు తిరిగే ఒక దవాఖానా వ్యాను ఆమె చేతిలో నడిచేది. అందులో చిన్న ఎక్స్‌రే యంత్రం ఉంది. ఫిల్ము కడగనక్కరలేదు, బొమ్మ నేరుగా కంప్యూటర్ తెరమీదికే వస్తుంది. ఆ కంప్యూటర్‌లో రెండు డిస్కులు. మొదటిదాంట్లో విండోస్, ఎక్స్‌రే ప్రోగ్రాం. రెండోదాంట్లో రోగుల బొమ్మలు. ఆ రెండోదే ఏడాదిలో మూడుసార్లు పాడైంది. మూడుసార్లూ ఒకే చోట, అడవి దారిలో వాగుకు ముందొచ్చే ఒక మలుపు దగ్గర. మొదటి డిస్క్‌కు ఏనాడూ ఏమీ కాలేదు. బొమ్మలున్నదే పోయేది. ప్రతిసారీ దొరికిన బొమ్మల్ని ఎలాగో కొత్తదాంట్లోకి ఎక్కించుకునేవాళ్లు.

వ్యాను డ్రైవర్ సమ్మయ్య నా షాపు లోపలికి రాకుండా గుమ్మంలోనే నిలబడ్డాడు.

"ఎక్స్‌రే అంటే మనిషి నీడనే గదన్నా. ఆ మలుపు నీడలను దాటనియ్యదు. అక్కడోళ్లు ఎప్పటిసందో చెప్తనే ఉన్నరు, మేమే ఇనలె."

సిస్టర్ అతని మాట విననట్టే సంచిలోంచి చిన్న డబ్బా తీశారు. హైదరాబాద్ నుంచి తెప్పించిన ఎస్.ఎస్.డి. మామూలు హార్డ్ డిస్క్‌లో పళ్లెంలాంటిది గిర్రున తిరుగుతుంటుంది, దాని మీద వెంట్రుకవాసి ఎత్తులో సూదిలాంటిది ఆడుతుంటుంది. కుదుపుకి సూది పళ్లేన్ని గీరిందంటే అంతే సంగతులు. ఎస్.ఎస్.డి.లో తిరిగేదేమీ ఉండదు, అన్నీ చిప్పులే. అప్పటికి నేను దాన్ని కంటితో చూసింది లేదు. సిస్టర్‌తో మాత్రం ఇలాంటివి చాలా బిగించానన్నాను.

బిగించి, ఆన్ చేసి, అలవాటు కొద్దీ చెవి ఆనించాను. డాక్టరు గుండె చూసినట్టు మేం డిస్క్‌ను అలాగే చూసేవాళ్లం. చప్పుడు లేదు. వేలు పెట్టి చూశాను, వణుకు లేదు. చల్లగా ఉంది. పీసు చచ్చిందని తేల్చేశాను. చప్పుడు ఉండదనే కదండీ దీన్ని తెప్పించిందని సిస్టర్ నవ్వారు.

బయాస్‌లో, అంటే విండోస్ మేలుకోకముందు పెట్టెలో ఏమేం ఉన్నాయో చూపించే తెరలో, దాని పేరు కనిపించింది. విండోస్ వచ్చాక మై కంప్యూటర్‌లో వెతికితే జాడలేదు. పేరుంది, మనిషి లేడు. సమ్మయ్య గుమ్మంలోంచి రోడ్డు మీదికి దిగాడు.

దానికి మందు సులువే. డిస్క్ మేనేజ్‌మెంట్ అని ఒకటుంటుంది. అది తెరిస్తే చిన్న బాక్సు వచ్చి, ఇది కొత్త డిస్క్, ఇనిషియలైజ్ చేయనా అని అడుగుతుంది. ఖాళీ జాగాకు హద్దురాళ్లు పాతడం లాంటి పని. సరే అని నొక్కి, పార్టిషన్ చేసి, ఫార్మాట్ చేశాక డిస్క్ కనపడింది. తర్వాత, చావుబతుకుల్లో ఉన్న పాత డిస్క్ నుంచి బొమ్మల్ని బతిమాలి ఒక్కొక్కటిగా ఇందులోకి ఎక్కించాను. చివరి బొమ్మ ఎక్కగానే పాత డిస్క్ ఒక నిట్టూర్పు విడిచి ఆగిపోయిందని చాలామందికి చెప్పాను. నిట్టూర్పు లేదు. ఊడదీసేటప్పుడు నేనే కింద పడేశాను. ఏదైతేనేం, ఆ బొమ్మలిక ఈ ఒక్క డిస్క్‌లోనే ఉన్నాయి.

రేపు మీరూ మాతో రావాలన్నారు సిస్టర్. వాగవతలి గూడెంలో ముత్తమ్మ అని ఒక అమ్మాయి. క్షయ. నిరుడు ఎక్స్‌రే తీసి, ఊపిరితిత్తిలో తెల్లమచ్చను అందరికీ చూపించి, ఇది అంటుకుంటుందని జాగ్రత్తలు చెప్పింది సిస్టరే. గూడెం ఆ జాగ్రత్తను గట్టిగా పట్టుకుంది. ముత్తమ్మను ఊరి చివర పాకలో పెట్టి, చంటిబిడ్డను అత్త తీసుకుంది. ఇప్పుడు మందుల కోర్సు పూర్తయింది. కఫం పరీక్షలో ఏమీ లేదు. ఆ కాగితం చూపిస్తే అత్త తోసేసిందట. నీడలో మచ్చ చూపించావు కదా, అదే నీడ పక్కన ఇవాళ్టి నీడ పెట్టి చూపించు, మచ్చ లేకపోతే బిడ్డనిస్తాను అందట. ఆ పాత నీడ నేను ఎక్కించిన డిస్క్‌లో ఉంది.

మర్నాడు భద్రాచలంలో వ్యానెక్కాను. వెనక కంప్యూటర్ ముందు కూర్చుని, దాన్ని ఎప్పట్లాగే ఆన్‌లోనే ఉంచమన్నాను. ఏం జరిగినా నా కళ్లముందే జరగాలి. తెరమీద ముత్తమ్మ ఎక్స్‌రే తెరిచి పెట్టాను. తెల్లటి పక్కటెముకలు, ఒకవైపు పైన దూదిపింజంత మచ్చ. ఆ మనిషి ముఖం నాకు తెలియదు. ఎముకలు తెలుసు.

అడవిలోకి వెళ్లేసరికి మబ్బు కమ్మి మధ్యాహ్నమే మసకేసింది. ఒకచోట సమ్మయ్య పాటలు కట్టేశాడు. హారన్ మీదినుంచి చెయ్యి తీశాడు. దారి పక్కన నడుమెత్తున ఎండు కొమ్మల కుప్ప. అటు పోయే ప్రతివాళ్లూ ఒక కొమ్మ విరిచి అక్కడ వేసి పోతారట. ఎందుకని అడిగాను.

"అడిగితే చెప్పరన్నా. ఏసి పోతరు."

కుప్ప మీద కొమ్మలు కొన్ని ఇంకా వాడలేదు. విరిచిన చోట పాలు కారుతున్నాయి. దారిలో మాకు మనిషన్నవాడు ఎదురుపడలేదు. పురుగుల రొద ఎప్పుడు ఆగిందో తెలియదు, ఆగిందని మాత్రం తెలిసింది. మలుపులో బండి ఒక పక్కకు ఒరిగి, చక్రం గుంతలో దిగి లేచింది.

తెరమీద పక్కటెముకలు కిందినుంచి ఒక్కొక్కటే ఆరిపోయాయి. చివరికి ఆ తెల్లమచ్చ ఒక్కటే చీకట్లో నిలబడి, అదీ పోయింది. ఒక్కొక్కటే అన్నది నేను కలిపిందే. బొమ్మ ఒకేసారి పోయి, ఫైలు దొరకడం లేదని బాక్సు వచ్చింది. రెండో డిస్క్ మాయం. విండోస్ మాత్రం నిక్షేపంగా నడుస్తోంది.

వెంటనే దిగి ఆ మలుపంతా గాలించానని మనవళ్లకు చెబుతుంటాను. దిగలేదు. తలుపు గడియ పడిందో లేదో చూసుకున్నాను. పోనివ్వమని సమ్మయ్యను తొందరపెట్టాను. మొదటి మూడు డిస్కులు పోవడానికి నా దగ్గర కారణముంది, పళ్లెం, సూది, కుదుపు. తిరిగేదేమీ లేని డిస్క్‌ను ఏ కుదుపు తీసుకుపోయింది?

వాగు దాటి గూడెం చేరగానే వానలోనే జనం మూగారు. బిడ్డను చంకనేసుకుని అత్త ముందు నిలబడింది. ముత్తమ్మ దూరంగా, ఒక్కతే. మాలో ఎవరూ నోరు విప్పకముందే అక్కణ్నుంచే అడిగింది.

"మలుపుకాడ పోయింది గద సిస్టర్?"

సిస్టర్ నా వైపు తిరిగారు.

"నాకు ఎరుకైంది. ఇందాక ఎదల సల్లగ అయ్యింది."

ఇందులో నేను కలిపిందేమీ లేదు. ఆమె అన్నది ఇదే.

కంప్యూటర్ మళ్లీ ఆన్ చేశాను. బయాస్‌లో డిస్క్ పేరుంది. విండోస్‌లో లేదు. డిస్క్ మేనేజ్‌మెంట్ తెరిస్తే షాపులో వచ్చిన బాక్సే వచ్చింది. ప్రాణం లేచొచ్చింది. సిస్టర్ కోసం తెలుగులో పైకే చదివాను, ఇది కొత్త డిస్కా, ఇనిషియలైజ్ చేయనా అని అడుగుతోందని. నిన్న అక్కడ నొక్కితేనే కదా కనపడింది. బాణం గుర్తును సరే మీదికి తెచ్చాను.

మంచుగడ్డలాంటి చెయ్యి నా మణికట్టు పట్టుకుంది. చుట్టూ ఉన్న జనం ఒక్కసారి వెనక్కి జరిగారు. ముత్తమ్మ వ్యాను మెట్టు మీద ఉంది. మంచుగడ్డ కాదులెండి, వానలో తడిసిన చెయ్యి.

"కొత్తది గాదు గద సార్" అంది. "అండ్ల నేనున్న గద."

నా వేలు అక్కడే ఆగిపోయింది. డిస్క్‌లో ఏముందో చదవలేనప్పుడు కూడా విండోస్ అదే ప్రశ్న వేస్తుంది. తనకు కనపడనిదాన్ని ఖాళీ అనుకుంటుంది. సరే అంటే పాత హద్దులు చెరిపి కొత్తవి గీస్తుంది. ఆ వెనకే అలవాటుగా నేను ఫార్మాట్ చేసేవాణ్ని. ముత్తమ్మ, ఆమెతోపాటు లోపలున్న అందరూ నా చేతుల మీదుగానే పోయేవాళ్లు. మలుపు పేరు చెప్పి ఊరుకునేవాళ్లం.

వద్దని నొక్కి, కంప్యూటర్ ఆపి, మూత తీసి టార్చి వేశాను. రెండో డిస్క్‌కు కరెంటు ఇచ్చే వైరు, దాని ప్లగ్గు లోపలి పిన్ను సడలి ఉంది. బండి అటు పక్కకు ఒరిగితే చాలు, కరెంటు అందీ అందనట్టవుతుంది. ఆ దారిలో బండి అంతగా ఒరిగేది ఆ మలుపులోనే. పోయిన మూడు డిస్కులూ ఆ ప్లగ్గుకు తగిలించినవే. డిస్క్ మార్చినవాళ్లెవరూ వైరు చూడలేదు, నాతో సహా. తిరిగేవి కనుక అవి ఆ దెబ్బకు చచ్చాయి. ఇది మూర్ఛపోయిందంతే.

మార్చడానికి ఇంకో ప్లగ్గు లేదు. వేళ్లతో నొక్కి పట్టుకుని ఆన్ చేయమన్నాను. డిస్క్ వచ్చింది. నిరుటి నీడ తెరమీదికి వచ్చింది. సిస్టర్ నాకు కిరణాలు తగలకుండా భుజాల మీద సీసం ఏప్రాను కప్పి, ముత్తమ్మను నిలబెట్టి ఊపిరి బిగబట్టమన్నారు. నేనూ బిగబట్టాను. కొత్త నీడ పాతదాని పక్కన నిలిచింది.

అత్త వ్యానెక్కింది. పాత మచ్చ మీద వేలు పెట్టింది. కొత్తదాంట్లో అదే చోట పెట్టింది. సన్నటి గీత తప్ప అక్కడేమీ లేదు. ఆమె చాలాసేపు ఆ తెల్లటి ఎముకలనే చూసి, బిడ్డను ముత్తమ్మ చేతుల్లో పెట్టింది. బిడ్డ కొత్త మొహం చూసినట్టు బెదిరి గుక్కపెట్టి ఏడ్చింది. అత్త మళ్లీ చేతులు చాచబోయింది.

"ఏడ్వనియ్యి అత్తా" అంది ముత్తమ్మ. "జరసేపైతె ఎరుకపడ్త."

డిస్క్ కనపడకపోతే ముందు దానికి కరెంటు అందుతోందో లేదో చూడాలని ఆ రోజు నేర్చుకున్నాను. అది ఏ పుస్తకంలోనైనా ఉంటుంది. ఇంకొకటి మాత్రం ముత్తమ్మ దగ్గరే నేర్చుకున్నాను. తర్వాత షాపు నడిపినన్నాళ్లూ ఏ డిస్క్ ముందైనా ఆ బాక్సు వస్తే, సరే నొక్కే ముందు కస్టమర్‌ను అడిగేవాణ్ని, ఇందులో ఎవరైనా ఉన్నారా అని. ముసలాయనకు మతి పోయిందని నవ్వేవాళ్లు. కొందరు మాత్రం నవ్వకుండా ఒక పేరు చెప్పేవాళ్లు.