సున్నం కొట్టిన చెట్టు మీద సాలీడు

కరోనా సద్దుమణిగాక వచ్చిన రెండో శీతాకాలంలో నన్ను ఖరగ్‌పూర్‌కు శిక్షకురాలిగా పంపారు. సాలీళ్ళు, నత్తలు, తూనీగలు లాంటి వెన్నెముక లేని జీవులను ఊరివాళ్ళ చేతనే నమోదు చేయించడం మా సంస్థ పని. అక్కడి రైల్వే కాలనీ ఓల్డ్ సెటిల్‌మెంట్‌లో తెలుగు కుటుంబాలు ఎక్కువ కాబట్టి, తెలుగు వచ్చిన నన్ను ఆ వాడకు వేశారు. ఆదివారాలు చర్చి అయ్యాక, రైల్వే క్వార్టర్ల సందుల్లో అందరం కలిసి గోడలూ చెట్లూ వెతుక్కుంటూ తిరిగేవాళ్ళం.

మా పద్ధతిలో ఒక నమోదు నిలవాలంటే ఎవరు చూశారు, ఏమిటి, ఎక్కడ, ఎప్పుడు అన్న నాలుగూ ఉండాలి. ఫొటో చూసి నిపుణుడు ఒప్పుకునేదాకా అది పెండింగులోనే ఉంటుంది. మా బృందంలోని దీనమ్మగారి నమోదు అక్కడే ఆగింది. ఆమె రైల్వే ఆసుపత్రిలో నర్సుగా చేసి రిటైరయ్యారు. తమ సందు చివరి నిద్రగన్నేరు చెట్టు మీద రెండు తోకల సాలీడును చూశానన్నారు. నిజానికి అవి తోకలు కావు, దారం వడికే అవయవాలు. ఈ రకానికి అవి పొడుగ్గా బయటికి ఉంటాయి. ఆ సాలీడు బెరడుకు అతుక్కుని కూర్చుంటే బెరడులాగే ఉంటుంది. అందుకే ఆమె పంపిన ఫొటోల్లో చెట్టు తప్ప ఏమీ కనిపించలేదు. ఇంట్లోవాళ్ళు ఒకటే ఎగతాళి.

"దీన్ని ఒప్పుకోకపోతే నేనింక రాను మేడమ్. నాకు కళ్ళు కనబడవని నవ్వుతన్నారు," అన్నారు.

ఆమె మాట మీద నాకు నమ్మకముంది. అలాంటి మనిషిని పోగొట్టుకోవడం నాకు ఇష్టం లేదు. కోల్‌కతాలో ఉండే మా నిపుణుణ్ణి స్వయంగా వచ్చి చూడమని అడిగితే, సరేనన్నారు.

ఆ కబురు అప్పలరాజుగారి చెవిన పడింది. ఆయనా మా బృందంలోనివారే. ఉద్యోగమంతా రైల్వేలో మేస్త్రీగా చేసిన మనిషి. ఏ అధికారి తనిఖీకి వచ్చినా, ముందు రోజు చెట్ల మొదళ్ళకు సున్నం కొట్టించి, దాని పైన జాజుతో ఎర్రపట్టీ వేయించడం ఆయన చేతిమీదుగానే జరిగేది.

నిపుణుణ్ణి వెంటబెట్టుకుని నేను వెళ్ళేసరికి, నిద్రగన్నేరు నడుమెత్తు దాకా తెల్లగా మెరిసిపోతోంది. నాకు ఒళ్ళు మండింది. ఇదెవరి పని అని అడిగితే అప్పలరాజుగారు నిబ్బరంగా ముందుకొచ్చారు.

"ఏటి మేడమ్, అంత దూరం నుంచి పెద్దసారు వస్తంటే సెట్టు మాసిపోయి ఉంటే ఏటి బాగుంటాది? నేనే దగ్గరుండి కొట్టించినాను."

దీనమ్మగారి మొహం చూడలేకపోయాను.

నిపుణుడు మాత్రం కోప్పడలేదు. సున్నం పడితే ఆ సాలీడు ఎటు పోతుందో చూద్దామన్నారు. అది నాకూ తెలియదు. తెలుసుకోవాలన్న కుతూహలంతో సగం కోపం దిగిపోయింది. దీనమ్మగారు ఎర్రపట్టీకి పైన, సున్నం తగలని బెరడును జానెడు జానెడుగా వెతకడం మొదలుపెట్టారు. సాలీడు ఆకారం కోసం వెతకకూడదని, బెరడు మీద అరచెయ్యి మెల్లగా జరుపుతూ కదలిక కోసం చూడాలని మా శిక్షణలో చెబుతాం. ఆమె అలాగే చేశారు. చాలాసేపటికి ఒకచోట బెరడు ముక్క పరిగెత్తినట్టయింది. సాలీడు చెట్టు చుట్టూ గిర్రున తిరిగి, పట్టీ దాటి కిందికి దిగి, సున్నం మీద ఆగిపోయింది. ఆ తెలుపు మీద ఎనిమిది కాళ్ళూ, రెండు తోకలూ సందులో నిలబడ్డ వాళ్ళందరికీ కనిపించాయి.

"అదే! నేను చెప్పినాను కదా, అదే!" అంటూ దీనమ్మగారు నా చెయ్యి గట్టిగా పట్టుకున్నారు. నిపుణుడు ఫొటో తీసి, అక్కడికక్కడే నమోదును ఖాయం చేశారు. నాకెంత సంతోషం కలిగిందో చెప్పలేను.

అప్పలరాజుగారు నా వైపు తిరిగారు. "సూసినారా మేడమ్, సున్నం కొట్టబట్టే గదా అగుపడింది!"



ఏ ఊళ్ళో శిక్షణ ఇచ్చినా, అక్కడి పురుగుల కంటే ముందు మనుషుల అలవాట్లు తెలుసుకోవాలని ఆ రోజు నాకు అర్థమైంది. ఎవరొస్తున్నా సరే చెట్టును ముస్తాబు చేయొద్దన్నది, నేను రిటైరయ్యేదాకా అన్ని బృందాలకూ చెప్పిన మొదటి పాఠం. మరుసటి ఆదివారం ఓల్డ్ సెటిల్‌మెంట్‌లో అది చెప్పినప్పుడు అందరూ రాసుకున్నారు, అప్పలరాజుగారు తప్ప.