యంత్రానికి జవాబు చెప్పిన పెద్దమ్మ

పెద్దమ్మ పోయిందని తర్లుపాడు నుంచి ఫోను వచ్చినప్పుడు నాకు ఏడుపు రాలేదు. రాతిగుండె అన్నారు ఇంట్లో. అంతకుముందు ఆమె స్కాన్ గురించి ఒక సంగతి అడిగితే "నాకు తెలియదు" అన్నాను, దాస్తున్నానన్నారు. డిగ్రీ చదివి స్కాన్ సెంటరులో పనిచేసే పిల్లకు తెలియనిది ఉంటుందని మావాళ్లు ఒప్పుకోరు.

పెద్దమ్మ అంటే మా అమ్మకు అక్క. జీవాలు మేపేది. గొర్రెను కొనడానికి వచ్చినవాడితోనే "ఇప్పుడే నీళ్లు తాగింది, కాసేపు ఆగి తూచుకో" అనేది. అందరికీ, అన్నింటికీ జవాబు చెప్పేది. మేకకు, రేడియోకు, హారన్ కొట్టే బస్సుకు కూడా. పలకరిస్తే పలక్కుండా ఉండటం ఆమెకు చేతకాదు.

రాష్ట్రం విడిపోయిన కొత్తలో నేను మార్కాపురంలో ఆ సెంటరులో చేరాను. దగ్గు తగ్గడం లేదని డాక్టరు ఛాతీ స్కాన్ రాస్తే పెద్దమ్మను నేనే తీసుకుపోయాను. బల్ల మీద పడుకోబెట్టి అద్దం అవతలికి వచ్చాం. "ఊపిరి బిగబట్టండి" అంది యంత్రంలోని గొంతు.

"బిగబట్టినాలే నాయనా, నువ్వు కానీ" అంది పెద్దమ్మ.

బొమ్మ చెదిరింది. మళ్లీ తీయాల్సి వచ్చింది.

తర్వాత కంప్యూటరులో రేడియేషన్ అంచనా చూసి, "ఇదేంది, గోడ మీద చార్టులో రాసిన అంకె కంటే ఇంత ఎక్కువ?" అని పైకే అనేశాను. మాతో వచ్చిన పెద్దమ్మ కొడుకు, మా అన్న, నా వెనకే ఉన్నాడు.

మా సీనియరు విడమరిచి చెప్పాడు. కంప్యూటరు రెండు స్కాన్లనూ కలిపిందట. పైగా అది మామూలు ఒళ్లున్న మనిషి అనుకుని లెక్క వేస్తుంది, పెద్దమ్మేమో ఎండుపుల్ల, అందుకే అది ఆమెకు తగిలినదాని లెక్క కాదు. గోడ మీది అంకె చాలా సెంటర్ల స్కాన్లు చూసి పోల్చుకోడానికి పెట్టుకున్నది, దాటితే ప్రాణం పోయే గీత కాదు.

"మరి పెద్దమ్మకు నిజంగా తగిలింది ఎంత సార్?"

"ఆమె ఒంట్లో మీటరు లేదు గదమ్మా."

విడివిడిగా అన్నీ అర్థమయ్యాయి. కలిపి చూస్తే కాలేదు. రెండో స్కాన్ తీసేసి చూసినా కంప్యూటరు అంకె, గోడ మీది అంకె కలవలేదు. ఎందుకో ఇప్పటికీ పూర్తిగా చెప్పలేను.

తిరుగు దోవలో ఆటోలో పెద్దమ్మ అడిగింది. "ఏందమ్మీ, నా మీద ఎంత పడిందంట?"

"తెలీదు పెద్దమ్మా."

"సరేలే. తెలిసినప్పుడు చెప్పు."

ఊపిరితిత్తిలో గడ్డ ఉందని తేలింది. అదే ఆమెను తీసుకుపోయింది. కానీ దినాల్లో అన్న అందరి ముందూ అన్నాడు: "ఆ కరెంటు ఎక్కువ పెట్టి చంపినారు. నీకు తెలిసే దాచినావు." గడ్డ ఆ బొమ్మలోనే కనబడింది, అంటే అంతకుముందే ఉంది. నాకు గట్టిగా తెలిసింది ఈ ఒక్కటే. ఎవరూ వినలేదు.

ఇప్పుడు నాయనకు దగ్గితే రక్తం పడుతోంది. డాక్టరు అదే స్కాన్ రాశాడు. నాయన చీటీ మడిచి జేబులో పెట్టుకుని, "మీ పెద్దమ్మకు అయింది చాలదా?" అంటున్నాడు. అమ్మ నా వైపు చూడటం లేదు.

నాకేమో పెద్దమ్మ రెండోసారి ఆ బల్ల మీద పడుకున్న తీరే కళ్ల ముందు ఉంది. ఈసారి నోరు జారకుండా కొంగు పళ్ల మధ్య బిగించి, కళ్లు మాత్రం ఆ గొంతు వచ్చే వైపు తిప్పింది. పలకరించినవాడికి జవాబు చెప్పలేకపోతున్నందుకు నొచ్చుకున్నట్టు.

రేపు పొద్దున నాయనను స్కాన్‌కు తీసుకుపోతున్నాను.