కృపానిధి మాష్టారికి రాని కూడిక

కృపానిధి మాష్టారు శ్రీకాకుళం దగ్గర ఒక ప్రైవేటు పాలిటెక్నిక్‌లో పదకొండేళ్లుగా డిజిటల్ ఎలక్ట్రానిక్స్ చెబుతున్నాడు. బోర్డు మీద ఒకట్లు, సున్నాల పట్టిక చకచకా వేసేవాడు. పిల్లలు దాన్ని బట్టీ పట్టి పరీక్ష గట్టెక్కేవారు. తన చదువూ అలాగే గట్టెక్కింది.

ఆ పదకొండో ఏట, 2014లో, ఒక రోజు ల్యాబ్‌లో బల్లలు తుడుస్తున్న లక్ష్మణమ్మ బల్ల మీది చిప్ ఒకటి చేతిలోకి తీసుకుని పిల్లలందరి ముందూ అడిగింది.

"బాబూ, ఈ నల్ల సిప్పుకి పేణం నేదు, బుర్ర నేదు. ఒకటీ ఒకటీ కలిపితే రెండని దీనికెలగ తెలుస్తాది?"

మాష్టారి దగ్గర చెప్పడానికి పట్టిక తప్ప ఇంకేమీ లేదు.

"నీకు సెప్తే బుర్రకెక్కుతాదేటి? నీ గుడ్డ నువ్వు సూసుకో!"

క్లాసంతా గొల్లుమంది. లక్ష్మణమ్మ తల వంచుకుని పక్క బల్లకు వెళ్లిపోయింది.

ఆ వారమంతా ఆమె ల్యాబ్‌లోకి వస్తే ఆయన రికార్డు పుస్తకాల్లోకి ముఖం దించుకున్నాడు. పెద్దావిడను మాటన్నానన్న సిగ్గు ఒకటి. తనకు తెలియనిదాన్ని ఆమె తెలివితక్కువతనంగా చూపించానన్న సిగ్గు అంతకన్నా పెద్దది. ఆదివారం చర్చిలో తప్పులు ఒప్పుకునే ప్రార్థన దగ్గర ఆయన లేచి బయటికొచ్చేశాడు.

ఆ సాయంత్రం ఇంట్లో మెట్ల కింద నిలబడి, కిందా పైనా స్విచ్‌లున్న మెట్ల లైటు వేశాడు. పైనుంచి భార్య బేబీ కూడా స్విచ్ నొక్కింది. వెలిగిన బల్బు ఆరిపోయింది.

"మీరేసేరని నాకేటి తెలుసు?" అంది బేబీ.

ఆయన అక్కడే నిలబడిపోయాడు. ఒకటి నొక్కితే వెలుగు, రెండూ నొక్కితే చీకటి. ఇన్నేళ్లూ బోర్డు మీద తాను వేసిన కూడిక పట్టికే ఇది: ఒకటీ ఒకటీ కలిస్తే ఈ స్థానంలో సున్నా, పక్క స్థానానికి ఒకటి!

రెండు రోజులు కూర్చుని, ఒక చెక్క మీద రెండు స్విచ్‌లూ రెండు బల్బులూ బిగించాడు. క్లాసులో లక్ష్మణమ్మను పిలిచాడు.

"ఆ రోజు నాకే తెలీదు లక్ష్మణమ్మా. తెలీదని సెప్పలేక నిన్ను మాటన్నాను. తప్పు నాది."

ఈసారి ఎవరూ నవ్వలేదు.

"కుడి బల్బు ఒకటి, ఎడమ బల్బు రెండు. నొక్కి సూడు."

ఏ స్విచ్ ఒక్కటి నొక్కినా కుడిది వెలిగింది. రెండూ నొక్కితే కుడిది ఆరి ఎడమది వెలిగింది.

"సిప్పులో ట్రాన్సిస్టర్లని ఇలాటి స్విచ్‌లే ఉంటాయి. ఫోన్లో సిప్పయితే కోట్లు. వాటిని నొక్కడానికి మన వేళ్లక్కర్లేదు. ఒక స్విచ్ దాటొచ్చిన కరెంటు ఇంకోదాన్ని నొక్కుతాది."

లక్ష్మణమ్మ మళ్లీ మళ్లీ నొక్కి చూసింది.

"అయితే దీనికి లెక్కేటీ రాదు. కరెంటుకి దారుంటే ఎలుగుతాది, నేపోతే ఆరుతాది. ఒకటని, రెండని పేరెట్టింది మనవే."

"అంతే."

"ఇంతేనా బాబూ! దీనికి అంత మాటనాలా?"

ఆమె కోపంగా అనలేదు. అందుకే ఆయనకు మరీ గుచ్చుకుంది.

ఆ తర్వాత ప్రతి ఏడూ మొదటి క్లాసుకు ఆ చెక్క పట్టుకునే వెళ్లాడు. కానీ ఆ చెక్కకు ముందు పట్టిక బట్టీ పట్టి వెళ్లిన పాత విద్యార్థులు బజార్లో ఎదురై, "అంతా మీ దగ్గరే నేర్చుకున్నాం సార్" అని చెయ్యి కలిపితే, వాళ్ల కళ్లలోకి చూడలేక చూపు తిప్పుకునేవాడు.