రంగు రాని గడి

నేను మహా భయస్తురాలిని. ల్యాబ్‌కు తాళం వేసి బస్టాండు దాకా వచ్చి, వేశానో లేదోనని వెనక్కి వెళ్ళిన రోజులు చాలా ఉన్నాయి. అలాంటి నేనే చేయకూడని తప్పు చేశాను. అలవాటైన చేతులు చేశాయి, బుర్ర కాదు అని ఎంత సర్దిచెప్పుకున్నా ఒరిగిందేమీ లేదు.

ఇందుకూరుపేట దగ్గర రొయ్యల రైతుల కోసం నడిచే చిన్న ల్యాబ్ మాది. రొయ్య లివర్‌ను పాడుచేసే ఒక బ్యాక్టీరియా విషం ఉందో లేదో చూసి చెప్పడం నా పని. పరీక్షకు చిన్న చిన్న గళ్ళున్న ప్లేటు వాడతాం; విషం ఉన్న గడి నీలంగా మారుతుంది. పరీక్ష సరిగ్గా జరిగిందని తెలియాలంటే ఒక గడిలో ఆ విషాన్నే వేయాలి. అలాగని ఆ క్రిమిని మేం పెంచం. దాని విషపు ప్రొటీన్‌ను వేరే మామూలు బ్యాక్టీరియా చేత తయారు చేయించి, చిటికెన వేలంత సీసాలో కంపెనీ వాళ్ళు పంపుతారు. ఆ గడి నీలంగా మారితేనే మిగతా గళ్ళ మాటకు విలువ. సీసాను చల్లగా ఉంచాలి కానీ గడ్డకట్టనివ్వకూడదు. ఆ సంగతి సీసా మీదే రాసి ఉంటుంది.

ఒకరోజు కరెంటు పొద్దున పోయి సాయంత్రం దాకా రాలేదు. ఫ్రిజ్ వేడెక్కుతోందని సీసాను థర్మోకోల్ పెట్టెలో పెట్టి చుట్టూ ఐస్ నింపాను. ఆ ఐస్ మీద రెండు గుప్పెళ్ళ కల్లుప్పు చల్లాను. మా నాన్నది రొయ్యల వ్యాపారం. ఐస్ పెట్టెలో ఉప్పు వేయడం నాకు చిన్నప్పటి నుంచి చేతికొచ్చిన పని. ఉప్పు పడితే ఐస్ ఇంకా చల్లబడుతుందని డిగ్రీ చదివిన నాకు ఆ క్షణాన తట్టలేదు. మర్నాడు సీసాలోది గడ్డకట్టి ఉంటే అరచేతిలో పట్టుకుని కరిగించాను. ఏమీ కాదులే అనుకున్నాను. భయస్తులు అలాగే అనుకుంటారు.

అంతలో ఒక అక్క వచ్చింది. మొగుడు లారీ మీద తిరుగుతుంటే రెండెకరాల రొయ్యల గుంటను తనే చూసుకుంటోంది. పొద్దున చచ్చిన రొయ్యలు కనిపిస్తే కొన్ని పట్టుకొచ్చింది. లివర్లు పాలిపోయి ఉన్నాయి. ఆ విషమే అయితే ఆ రోజే వల వేసి పట్టేయాలి. కాకపోతే ఇంకో నెల ఉంచితే రొయ్య సైజుకొస్తుంది.

"ఏదో ఒకటి చెప్పు మా. అందాకా ఈడే కూచుంటా," అని బెంచీ మీద కూర్చుంది.

మూడు గంటల తర్వాత ప్లేటు చూశాను. ఆమె రొయ్య గడిలో రంగు లేదు. ప్రాణం లేచొచ్చింది. సీసాలోని విషం వేసిన గడి చూశాను. అందులోనూ రంగు లేదు. ఆలస్యంగానైనా వస్తుందేమోనని చూస్తూ నిలబడ్డాను. "ప్రభువా, కాస్త రంగు" అని ప్రార్థించాను కూడా. నేను చల్లిన ఉప్పుకు ఆయనేం చేస్తాడు! విషం లేదని ఒక్క మాట అంటే ఆమె సంతోషంగా ఇంటికి వెళ్ళిపోతుంది. ఆ మాట నాలుక చివరి దాకా వచ్చింది.

"ఏమొచ్చింది మా?"

"నా పరీక్షే చెడింది అక్కా. మా సీసా గడ్డకట్టింది. తప్పు నాదే. కొత్తది వచ్చేదానికి నాలుగు దినాలు పడద్ది."

"అందాకా ఆగితే?"

"విషం ఉంటే గుంట మొత్తం పోద్ది."

ఆమె నన్ను తిట్టలేదు. తిట్టి ఉంటే బాగుండేది. ఫోన్ తీసి వల వాళ్ళను పిలిచింది. సాయంత్రానికి గుంట ఖాళీ అయింది. ఎదగని రొయ్య, కొనేవాళ్ళు అడిగినంతకు ఇచ్చేసింది.

కొత్త సీసా వచ్చాక, దాచిన ఆమె రొయ్యతో మళ్ళీ పరీక్ష చేశాను. ఈసారి విషం వేసిన గడి చక్కగా నీలమైంది. ఆమె గడిలో రంగు లేదు. కరెంటు లేనప్పుడు ఏరియేటర్లు ఆగి, గాలి అందక ఆ కొన్ని చచ్చి ఉంటాయి.

చెప్పకపోయినా ఎవరూ అడగరు. కానీ రెండు రోజులు అన్నం సయించలేదు. మూడో రోజు స్కూటీ మీద గుంట దగ్గరికి వెళ్ళాను. ఆమె ఎండిన గుంటలో సున్నం చల్లుతోంది.

"అక్కా, నీ రొయ్యలో విషం లేదు," అన్నాను.

ఆమె ముఖం వెలిగింది. "నే చెప్పలా! నా రొయ్యకేం కాదని ముందే అనుకున్నా," అని గట్టు మీదున్న వాళ్ళకు వినపడేలా అంది. తర్వాత నెమ్మదిగా గుంట వైపు తిరిగింది.

"అయితే మంచి రొయ్యని పట్టేసినానా మా?" అని అడిగింది.

అవునన్నాను.