తలనొప్పి మాత్రలు

మా వదిన కంటే శుభ్రమైన మనిషిని నేను చూడలేదు. జగ్గయ్యపేటలో మా ఇంటి మీద సిమెంటు ఫ్యాక్టరీ దుమ్ము రోజూ పడేది, ఆవిడ రోజూ కడిగేది. దుమ్ముకి సిగ్గు లేదు, మీ వదినకి విసుగు లేదు అని అన్నయ్య ఎగతాళి చేసేవాడు. అమ్మ పోయాక నన్ను పెంచింది వదినే. తొంభైల మొదట్లో నేను పెద్దమనిషినైనప్పుడు పక్కన కూర్చోబెట్టుకుని నాలుగు మాటలు చెప్పిందీ ఆవిడే. "గుడ్డలు ముందు చన్నీళ్ళలో నానెయ్, తర్వాత సబ్బెట్టి ఉతుకు. ఎవరి కంటా పడనీకు." ఆ ఆఖరి మాట మాత్రం రెండుసార్లు చెప్పింది.

తన గుడ్డలు స్నానాలగదిలో, తడి లంగా కింద దాచి ఆరేసేది. ఎండలో ఎందుకెయ్యవంటే "బయట దుమ్ము పడుద్దే" అనేది. దుమ్ము పడే మాట నిజమే. కానీ అన్నయ్య చొక్కాలన్నీ ఆ దుమ్ములోనే ఆరేవి.

నేను చదువైపోయి నందిగామలో ఓ ప్రైవేటు బడిలో టీచరుగా చేరి, అక్కడే గది తీసుకున్నాను. ఒక శనివారం పొద్దున్నే వదిన ఒక్కతే బస్సు దిగి వచ్చింది. తలుపు గడియ పెట్టింది, కిటికీ మూసింది, అప్పుడు నోరు విప్పింది. తెల్లబట్ట అవుతోందట, వాసన వస్తోందట. నెల కాని రోజుల్లో రక్తం కనపడుతోందట. అన్నయ్యతో కలిసిన తర్వాత మరీ ఎక్కువట.

"రోజూ మందు సబ్బెట్టి లోపలిదాకా కడుక్కుంటన్నానే. అయినా పోవట్లా. నాలో అంత మురికేం ఉందే?"

నడుంనొప్పని చెప్పి వేరే పడుకుంటోందట. అందుకు అన్నయ్య ముభావంగా ఉంటున్నాడట. అన్నయ్యకి చెప్పకపోయావా అన్నాను. "ఎట్టా చెప్తానే? కడుపు చించుకుంటే కాళ్ళ మీదే పడుద్ది" అంది. జగ్గయ్యపేటలో అందరూ తెలిసినవాళ్ళే కనక, ఎవరికీ తెలియని చోట చూపించుకుందామని ఇంత దూరం వచ్చింది.

ఆసుపత్రి పేరు ఎందుకులెండి. అన్నిచోట్లా అదే తంతు. ముందు చీటీ రాసే కిటికీ, దాని వెనక ఓ మగమనిషి, కిటికీ ముందు పొడుగాటి వరస. మా వంతు వచ్చేసరికి వెనకనుంచి "ఏమ్మా, ఒంట్లో బాలేదా?" అని వినబడింది. జగ్గయ్యపేటలో మా వీధి పెద్దాయన, అన్నయ్య బాబాయి అని పిలిచే మనిషి. దగ్గుకి చూపించుకోవడానికి వచ్చాడట. పాపం, ఆప్యాయంగానే పలకరించాడు.

"ఏం జబ్బమ్మా?" అన్నాడు కిటికీలో మనిషి. వదిన ఏదో గొణిగింది.

"గట్టిగా చెప్పమ్మా, ఇనపడట్లా."

"తలనొప్పండి," అంది వదిన.

లోపలన్నా చెప్పమని చెవిలో అన్నాను. లోపల డాక్టరు బల్ల చుట్టూ తర్వాతి రోగులు అప్పటికే నిలబడి ఉన్నారు, తలుపు బార్లా తీసి ఉంది, గుమ్మంలో పెద్దాయన దగ్గుతున్నాడు. నేను నోరు తెరవబోతే వదిన నా చెయ్యి నొక్కి పట్టుకుంది. తలనొప్పి మాత్రలు ఇచ్చారు. బస్టాండులో "ఇంకోసారి వద్దాంలే" అంది. ఆ మాత్రలన్నీ వేసుకుంది కూడా. డాక్టరిచ్చినవి పారేస్తామా అనేది మరి.

ఆ ఇంకోసారి రాలేదు. అడిగినప్పుడల్లా ఏదో ఒక పని అడ్డం పెట్టేది. చివరికి ఒకరోజు వంటింట్లో పడిపోయింది. రక్తం చూసి అన్నయ్య చంటిపిల్లాడిలా ఏడ్చాడు, కారు మాట్లాడి విజయవాడ తీసుకెళ్ళాడు. అక్కడ డాక్టరమ్మ అందరినీ బయటికి పంపి, నన్నొక్కదాన్నే ఉంచి, తలుపేసి, తెర లాగింది. వదిన అన్నీ చెప్పింది. అంత సేపు ఆవిడ మాట్లాడగా నేనెప్పుడూ వినలేదు. పరీక్షల్లో తేలింది, గర్భసంచి ముఖద్వారానికి క్యాన్సరు. ముందే వచ్చుంటే అనబోయి డాక్టరమ్మ ఆగిపోయింది.

"నేను శుభ్రంగానే ఉండేదాన్నండి," అంది వదిన.

"శుభ్రత లేక వచ్చిన జబ్బు కాదమ్మా ఇది. అసలు లోపల సబ్బుతో కడగనే కూడదు. పైన మంచినీళ్ళతో కడుక్కుంటే చాలు."

అప్పుడు ఏడ్చింది వదిన. తాను మురికిదాన్ని కాదని ఒకరు చెప్పినందుకు ఏడ్చింది.

ఆ మాటలే తర్వాత చిల్లకల్లు, గరికపాడు మహిళా సంఘాల్లో నేను చెబుతూ వచ్చాను. గుడ్డలు ఎండలో ఆరెయ్యమంటాను. కలిసిన తర్వాత రక్తం కనపడితే సిగ్గుపడి కూర్చోవద్దంటాను. మాట మొదలుపెట్టే ముందు తలుపు వేస్తాను. నీకేం జబ్బని నలుగురిలో ఎవరినీ అడగను.

వదిన ఆ ఏడు ఎండాకాలం దాటలేదు. పసుపు రాసి వాకిట్లో ఆఖరి స్నానం చేయించారు. చుట్టూ ఆడవాళ్ళం నిలబడి నాలుగు వైపులా చీరలు అడ్డం పట్టాం. ఆ పెద్దాయన కూడా వచ్చాడు. "ఆడమనిషికి స్నానం చేయిస్తన్నారు, మగాళ్ళు అవతలికి పొండయ్యా" అని ఆయనే అందరినీ పక్కకి పంపాడు. అందరూ తలలు తిప్పుకుని వెళ్ళారు. ఒక్కరూ ఇటు చూడలేదు.

నందిగామలో ఆ కిటికీ దగ్గర ఎవరన్నా ఈపాటి అడ్డం నిలబడి ఉంటే మా వదిన బతికేదేమో. స్నానం అయిపోయింది, ఇక దించమన్నారు. నా చేతిలో చీర అంచు నేను దించలేదు.