గడప దాకా దమయంతి

2023లో కెనడాలోని మిస్సిసాగాలో, దమయంతి ఉండే వీధిలో ఏ బేస్‌మెంట్ చూసినా మన పిల్లలే. కాలేజీకో, వర్క్ పర్మిట్‌కో ఏ ఫారం నింపాలన్నా దమయంతి దగ్గరికి పరిగెత్తేవారు. "మీరొకసారి చూస్తే చాలు ఆంటీ, ధైర్యం" అనేవారు.

అంతకు రెండేళ్ళ ముందే కారు ప్రమాదంలో ఆమె కాళ్ళు చచ్చుబడ్డాయి. చక్రాల కుర్చీలో ఇల్లంతా తిరిగేది గానీ, గడప దాటితే నాలుగు మెట్లు. భర్త భీమారావు ఎత్తుకుని దింపితేనే బయటి గాలి. ఇప్పుడాయన నడుమూ పట్టేసింది.

కుర్చీ దిగేలా ర్యాంప్ కట్టుకోవడానికి ప్రభుత్వం గ్రాంటు ఇస్తుందని తెలిసి దమయంతే అప్లై చేసింది. ఆరు వారాలకు జవాబొచ్చింది. అవసరం కనపడలేదట, కుదరదట.

భీమారావు ఆమె నింపిన ఫారం తీసి చదివాడు.

"సొంతంగా బయటికి వెళ్ళగలరా అంటే వెళ్ళగలనని రాశావు. సాయం కావాలా అంటే అప్పుడప్పుడని రాశావు. గ్రాంటుకు పెట్టావా, ఒలింపిక్స్‌కి పెట్టావా?"

"మరేం రాయాలి? చేతకానిదాన్నని రాసుకోవాలా?"

అంది గానీ, తప్పెక్కడుందో ఆమెకు తెలిసిపోయింది. ఈ దేశానికి పెట్టుకున్న మొదటి దరఖాస్తు నుంచీ ఆమె రాసింది ఒక్కటే: మేం ఎవరికీ భారం కాము. ఫారాలతో వచ్చే పిల్లలకు నేర్పిందీ అదే. అలవాటుపడ్డ చెయ్యి ఇక్కడా అదే రాసేసింది. పన్ను కట్టేటప్పుడు ఈ ఊరివాళ్ళం, హక్కు అడగాల్సి వస్తే చుట్టపుచూపుగా వచ్చినవాళ్ళం! ఈ మొహమాటం మనకెవరు నేర్పారో గానీ, దాన్ని వదిలించుకోకపోతే మెట్లు మెట్లుగానే ఉంటాయి.

మళ్ళీ పరిశీలించమని రాయడానికి ఆమె రెండు రోజులు కూర్చుంది. భీమారావు అది చదువుతూ ఒకచోట ఆగిపోయాడు. ఫిబ్రవరిలో ఆయన ఇంట్లో లేని ఒకరోజు పోపు మాడి ఇల్లంతా పొగ కమ్మింది. అలారం మోగుతుంటే ఆమె తలుపు తీసుకుని, మంచు పేరుకున్న మెట్ల ముందు కూర్చుని కేకలేసింది. ఎవరూ వినలేదు. పొగ దానంతటదే తగ్గింది.

"ఇది నాకెందుకు చెప్పలేదే?"

"మీరడగలేదు. వాళ్ళడిగారు."

నెల తిరక్కుండా ఒక అధికారిణి ఇల్లు చూడ్డానికి వచ్చింది. ఎలా ఉన్నారని అడగ్గానే దమయంతి నోట 'బాగున్నా' అన్న మాట దాదాపు వచ్చేసింది. మింగేసి, కుర్చీని గడప దాకా నడిపి ఆపింది.

"నేను ఇక్కడిదాకే," అంది ఇంగ్లీషులో. "అవతల పని మీది."

సెప్టెంబర్లో ర్యాంప్ పూర్తయింది. ఆ సాయంత్రం పక్కింటి బేస్‌మెంట్‌లో ఉండే వర్ష చేతిలో కాగితాలతో వాకిట్లోకి వచ్చింది.

"ఆంటీ, లోపలికి రానా?"

"వద్దమ్మా, అక్కడే ఉండు. నేనే వస్తున్నా."

తలుపు దగ్గర నిలబడ్డ భీమారావు అలవాటుగా చేతులు చాచాడు. దమయంతి ఆ చేతుల పక్కనుంచే వాకిట్లోకి దిగిపోయింది.